లోపలి వలయం

ఇంకా గంట. సరిగ్గా చెప్పాలంటే యాభై ఎనిమిది నిమిషాలు, ఎందుకంటే హాలు గోడ మీది గడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తుంది, ఆ సంగతి ఈ భవనంలో మేస్త్రీకి తప్ప ఎవరికీ పట్టదు. మేస్త్రీ అన్నది అతని పేరు కాదు. తండ్రి తాపీ పనివాడు, ఆ ముక్క ఇరవై రెండేళ్ళ కిందట మొదటి రోజున నోరు జారి చెప్పాడు, అప్పటినుంచి పేరు పోయి మేస్త్రీ మిగిలాడు. ప్రొజెక్టర్ అలిగినా, కంప్యూటర్ మొరాయించినా, ఎవరి లెక్క ఎక్కడ ఇరుక్కున్నా పిలిచేది అతన్నే కనక ఆ పేరు ఇక ఊడలేదు. ఇప్పుడు హాలు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మూసిన కంప్యూటర్, దాని అడుగు ఇంకా వెచ్చగా తొడలకి తగులుతోంది, దుక్కి దున్ని వచ్చిన ఎద్దు పొట్టలా. అందులో రెండు బొమ్మలున్నాయి. ఒకటి అందరూ చూసింది. రెండోది ఈ లోకంలో అతనొక్కడే చూసింది, అదీ పావుగంట కిందట. పదకొండింటికి గడబిడ, ఆగకుండా మాట్లాడుతుందని అందరూ ఆ పేరు పెట్టిన పిల్ల, ఈ హాల్లో నిలబడి తన ఐదేళ్ళ పరిశోధన చెప్పుకోవాలి, ముగ్గురు పరీక్షకులు విని డాక్టరేట్ ఇవ్వాలి. ఆ పరిశోధనకి వెన్నెముకలాంటి బొమ్మ తప్పు. తప్పు చేసింది గడబిడ కాదు. మేస్త్రీ.

వరండా చివర ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది, వెలగాలో మానాలో తేల్చుకోలేక. ముసురు పట్టి మూడు రోజులైంది. కిటికీ అద్దం మీద పెద్ద చుక్క ఒకటి వంకరగా దిగుతూ దారిలో చిన్న చుక్కల్ని కలుపుకుంటోంది, దాని దగ్గరికి వచ్చిన ప్రతి చుక్కా తన దారి మరిచి దాని దారి పడుతోంది. చూడటం మానేశాడు. ఏది చూసినా అదే కనపడటం ఒక జబ్బు. మొదటి రోజున, ఇక్కడ పరిశోధన నడిపించే మేడమ్ అడిగింది, గిన్నెలో చిక్కటి పాకం ఉందనుకో, గరిటె నిలబెట్టి గిరగిరా తిప్పితే పాకం ఏం చేస్తుంది? తిరుగుతుందండీ. కృష్ణబిలం తిరిగితే దాని చుట్టూ ఉన్న చోటు అలాగే తిరుగుతుంది, అక్కడున్న వస్తువు సంగతి కాదు నేను చెప్పేది, ఆ చోటే తిరుగుతుంది, అర్థమైందా? కాలేదండీ. ఆమె పకపకా నవ్వింది. కాలేదన్నావు చూడు, అందుకే నిన్ను తీసుకుంటున్నా, మిగతావాళ్ళందరూ అయిందన్నారు. ఆ నవ్వు విన్న క్షణంలోనే అతని లోపల ఏదో కాస్త పక్కకి వాలింది. ఇరవై ఆరేళ్ళవాడు, ఒకే గది ఉన్న బళ్ళో చదువుకున్నవాడు, అర్థం కాలేదన్నందుకు మెచ్చుకున్న మనిషిని అంతకుముందు చూసి ఎరగడు.

నక్షత్రం ఒకటి బిలానికి మరీ దగ్గరగా పోతుంది, నలుగుతుంది, పిండి పిండై బిలం చుట్టూ పళ్ళెంలా పరుచుకుని తిరగడం మొదలెడుతుంది. పళ్ళెం అని మేడమే పేరు పెట్టింది, ఇక్కడ అందరూ పళ్ళెమే అంటారు. నక్షత్రం ఏ వాలున వచ్చిందో పళ్ళెం ఆ వాలునే పడుతుంది. బిలం మాత్రం తన ఇరుసు మీద తాను తిరుగుతూ ఉంటుంది, దానికీ దీనికీ పొత్తు కుదరాలని ఏమీ లేదు. అప్పుడు మొదలవుతుంది పేచీ. బిలం తిప్పే చోటు పళ్ళేన్ని మెలిపెడుతుంది, పళ్ళెం పడబోయే బొంగరంలా తల తిప్పుతుంది. మేడమ్ ఇరవై రెండేళ్ళుగా చెప్పేది ఒక్కటే, చివరికి లోపలి భాగం తన వాలు వదులుకుని బిలం వాలుకి వస్తుంది, బయటి అంచు దూరంగా పాత వాలులోనే ఉండిపోతుంది, నడుమ నున్నటి మెలిక. ఊళ్ళో అన్న ఒకసారి ఫోన్లో అన్నాడు, ఒరేయ్ నువ్వు మాట్లాడుతుంటే ఎవరో ఆడమనిషి పాఠం చెప్తున్నట్టుందిరా అని. నవ్వేశాడు గానీ ఆ రోజు అద్దంలో చూసుకున్నాడు. పెన్ను మూత తీస్తూ పెడుతూ మాట్లాడటం, మాట ముగించి కుడివైపు తల వంచడం, అన్నీ మేడమ్‌వే. అమ్మ దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆ పాత గొంతు వచ్చేది, ఎక్కడో బయటి అంచునుంచి. అమ్మ పోయాక అది వినబడటానికి చోటు లేకుండా పోయింది.

అమ్మ పోయేముందు ఆ ముప్ఫై ఒక్క రోజులూ ఆస్పత్రి బయట బల్ల మీద సాయంత్రాలు మేడమ్ కూర్చునేది, ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుకుంటూ. నువ్వెళ్ళి పడుకో, నేనుంటా. ఎవరూ చెయ్యలేదు అంత, సొంత అన్న కూడా నాలుగు రోజులకి మించి ఉండలేకపోయాడు. అది మరిచిపోతే మనిషి కాదు. అది గుర్తున్నంత కాలం నోరు తెరవలేడు. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో పొద్దున ఎనిమిదింటినుంచి వెతుక్కుంటున్నాడు.

ఎనిమిదింటికి ఏమీ లేదు. మామూలు రోజు. బయటినుంచి వచ్చే పరీక్షకుడు నిన్న ఉత్తరం రాశాడు, బిలం ఇరుసు కాలంతోపాటు ఎంత జరిగిందో కూడా ఒక బొమ్మ చూపిస్తే బాగుంటుందని. బిలం ఎంత బరువైనదైనా పళ్ళెం దాన్ని కూడా కొద్దికొద్దిగా తిప్పుతుంది, అది న్యాయమైన ప్రశ్నే. గడబిడ రాత్రంతా నిద్రపోయి ఉండదు, ఆ బొమ్మేదో మనమే గీసిపెడదాం పాపం అని వాలు కొలిచే ఫైలు తెరిచాడు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ తెరవని ఫైలు. పనిచేస్తున్న ఇంజన్ని ఎవరు విప్పి చూస్తారు? ఎవరు ఎప్పుడు లెక్క చేసినా చివర ఆ ఫైలే వాలు కొలిచి బొమ్మ గీస్తుంది. నూట పన్నెండో లైను దగ్గర చూపు ఆగింది. పక్కన తన చేత్తో రాసిన మాట, తాత్కాలికం, తర్వాత మార్చాలి. కింద తన పొడి అక్షరాలు. గుండె గుభేలుమనలేదు, అది కథల్లో. నాలుక మీద ఇనుప రుచి వచ్చింది, అంతే.

ఎనిమిదేళ్ళ కిందటి ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం, ఎండ. సాయంత్రానికి పేపరు పంపాలి. అంతకుముందు లెక్కల్లో బిలం కదిలేది కాదు, దాని ఇరుసు నిట్టనిలువు, కొలవడం సులువు. ఆ ఏడాదే బిలం కూడా కదిలేటట్టు మార్చారు. కదిలే ఇరుసుని లెక్క బయటికి రాయాలి, రాసే ముక్క ఇంకా తయారవలేదు. మేడమ్ ఫోన్లో ఉంది. ఎవరన్నారు ఆ మాట? లోపలి వలయం ఎలాగూ బిలంతోనే కలిసి ఉంటుంది కదా, బిలం ఇరుసు దొరక్కపోతే లోపలి వలయం ఇరుసు తీసుకుంటే ఏం పోయింది? తనే అన్నట్టు గుర్తు, ఆమె ఊఁ అన్నట్టు గుర్తు. ఒక్కోసారి ఆమే అన్నట్టు, తను ఊఁ కొట్టినట్టు గుర్తు. ఎంత తవ్వినా ఆ గొంతు ఎవరిదో తేలడం లేదు, అప్పటికి ఇద్దరి గొంతూ ఒకటే అయిపోయింది. ఏది నిరూపించాలో దాన్నే కొలబద్ద చేసుకున్నారు. లోపలి వలయం ఎంత వంగి ఊగుతున్నా దాన్ని దానితోనే కొలిస్తే వంపు సున్నా. అది సున్నా కాక ఏమవుతుంది? పైగా గీత నున్నగా రావాలని చుట్టుచుట్టుకీ సగటు తీసే అలవాటు. ఆ సాయంత్రం బొమ్మ అందంగా వచ్చింది. మేడమ్ మెచ్చుకుంది. తాత్కాలికం ఎనిమిదేళ్ళు బతికింది, పదకొండు పేపర్లు, గడబిడ పరిశోధన, అన్నీ దాని మీదే.

బిలం అసలు ఇరుసు ఇప్పుడు అన్ని లెక్కల్లోనూ బయటికి వస్తుంది, ఎప్పటినుంచో వస్తోంది, వాడుకున్నవాడు లేడు. పొద్దున గడబిడ లెక్క ఒకటి తీసుకుని, ఆ ఒక్క లైను మార్చి, సగటు తియ్యడం మానేసి, మళ్ళీ కొలిచాడు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. వచ్చిన బొమ్మలో పళ్ళెం లేదు. పళ్ళెం చిరిగిపోయి ఉంది. విడివిడి గాజులై, ఒక్కో గాజు ఒక్కో వాలులో, ఎవరి తిరుగుడు వారిదిగా. లోపలి వలయం లొంగలేదు, తల తిప్పుతూనే ఉంది.

ఆ గాజులు అతను ఎరిగినవే. పందొమ్మిదేళ్ళ కిందట అతని సొంత పరిశోధనలో, మూడు నెలలు నడిచిన లెక్కలో అవే వచ్చాయి. మేడమ్ కళ్ళజోడు పైకి ఎత్తి చూసి, లెక్కలో నలుసు పడింది మేస్త్రీ, ప్రకృతి ఇలా ముక్కలు చెయ్యదు, పళ్ళెం జిగట పెంచి మళ్ళీ చెయ్యి అంది. జిగట పెంచాడు. గాజులు అతుక్కున్నాయి. ఇంకొంచెం పెంచు అంది. పెంచాడు. జిగట ఎంత పెంచితే పళ్ళెం అంత బుద్ధిగా వంగింది, చివరికి అందమైన మెలిక వచ్చింది, దాన్ని చూస్తే అతనికి వాంతి వచ్చినట్టయింది. ఆ పరిశోధన పూర్తి చెయ్యలేదు. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు. మేడమ్ ఈ ఉద్యోగం ఇప్పించింది. అన్నం పెట్టిన ఉద్యోగం.

ఇప్పుడు చెప్పు, అని తనని తానే అడిగాడు, కిటికీ వైపు చూడకుండా. పావుగంట కిందట తెర మీద గాజులు లేచినప్పుడు ముందు వచ్చింది ఏడుపా, సంతోషమా? సంతోషమే. ఒక్క రెప్పపాటు. నేను చెప్పలా, అని ఎవరో లోపల చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆ తర్వాత గడబిడ గుర్తొచ్చింది. ఆ తర్వాత. ఆ వరస అతనికి మింగుడుపడటం లేదు. సంతోషం ముందొచ్చినవాడి మాట నిజమేనా, లేక నిజమని చెప్పుకుంటూ పాత పగ తీర్చుకోవడమా? నిజం, పగ, రెండూ ఒకే గంపలో ఉంటే గంప దించకుండా వేరు చేసేదెలా?

లేచాడు. కాళ్ళు మేడమ్ గది వైపే నడిచాయి, వాటికి వేరే దారి తెలియదు.

తలుపు ఓరగా ఉంది. ఆమె బిస్కెట్టు టీలో ముంచి, విరిగి పడకుండా నోటిదాకా తెచ్చుకోవడంలో మునిగి ఉంది. బల్ల మీద మాత్రల డబ్బా. ఇంకో మూడు నెలల్లో పదవీ విరమణ, గోడకి ఉన్న పుస్తకాలు సగం అట్టపెట్టెల్లోకి దిగిపోయాయి, ఖాళీ అరల మీద దుమ్ము గీతలు పుస్తకాల కొలతలతో మిగిలాయి.

"ఏంటి మేస్త్రీ, ప్రొజెక్టర్ మళ్ళీ అలిగిందా?"

"లేదండీ. ఒక్కసారి ఇది చూడండి."

ఆమె కళ్ళజోడు పైకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. 

"ఇది నీ పాతది కదా."

"కాదండీ. గడబిడ లెక్కే. బిలం ఇరుసుతో కొలిస్తే ఇలా వచ్చింది. ఆ ఫైల్లో ఇన్నాళ్ళూ లోపలి వలయం ఇరుసు ఉండిపోయిందండీ. ఎనిమిదేళ్ళనుంచి."

"ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

"ఎన్ని లెక్కలు కొలిచావ్?"

"ఒక్కటేనండీ. టైము చాల్లేదు."

"ఒక్కటి." ఆమె మిగిలిన బిస్కెట్టు రెండు ముక్కలు చేసింది, తినలేదు. "పందొమ్మిదేళ్ళు కడుపులో పెట్టుకున్నావన్నమాట."

 లేదండీ అందామంటే ఆ రెప్పపాటు సంతోషం గొంతుకి అడ్డం పడింది. ఆమె ఎక్కడ కొట్టాలో వెతకలేదు, చెయ్యి వేస్తే అక్కడే తగిలింది.

"ఆ పిల్ల గంటలో నిలబడాలి. దాని కాళ్ళ కింద నేల ఇప్పుడు లాగుతావా? నిజమైతే నిజమే, రేపటికి పారిపోదు కదా." కుడివైపు తల వంచింది. "ఇవాళ కాదు."

కోపంగా అంటే బాగుండేది. నువ్వెళ్ళి పడుకో, నేనుంటా అన్న గొంతుతోనే అంది. మేస్త్రీ తల గంగిరెద్దులా ఊగింది. తను ఊపాడో, అదే ఊగిందో. బయటికి వచ్చి తలుపు ఎలా ఉన్నదో అలాగే ఓరగా పెట్టి నడిచాడు. ఇవాళ కాదంటే ఎప్పుడని అడగలేదు. రేపు గడబిడకి డాక్టరేట్ వచ్చి ఉంటుంది, వచ్చేనెల ఉద్యోగంలో చేరిపోయి ఉంటుంది, మూడు నెలల్లో మేడమ్ వెళ్ళిపోయి ఉంటుంది, ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరి నేల లాగినట్టే. ఆ ఆదివారం కూడా ఇలాగే ఇవాళ కాదు అనుకునే కదా తాత్కాలికం అని రాసింది. నిజం చెప్పడానికి మంచి రోజు కోసం చూస్తే ఆ రోజు రానే రాదు, తండ్రి గోడ కట్టేటప్పుడు వంకర మొదటి వరసలోనే కనపడేది, పైన సర్దేద్దాంలే అని ఎప్పుడూ అనేవాడు కాదు, కట్టింది కూల్చి, ఇటుకలు కడిగి, సాయంత్రం కూలి లేకుండా వచ్చేవాడు, అమ్మ తిట్టేది. అమ్మ తిట్టిందే తను పెరుగుతూ విన్నాడు. తండ్రి ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కోవడం ఇప్పుడు కనపడుతోంది.

బెంచీ మీద తన చోట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. కొత్త చొక్కా, మడతల గీతలు ఇంకా పోలేదు. ఒక కాలికి బూటు ఉంది, ఇంకో బూటు విప్పి పక్కన పెట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ పోని నలుపు. మేస్త్రీని చూసి లేవబోయి, ఒంటి బూటుతో తూలి, మళ్ళీ కూర్చున్నాడు.

"సార్, మీరిక్కడివారేనా? లోపల మాట్లాడబోయే అమ్మాయి మా అమ్మాయే. నాకు సైకిల్ షాపు."

"కూర్చోండి కూర్చోండి. మీ అమ్మాయి మా అందరికీ తెలుసు."

"తెలియకుండా ఎక్కడికి పోద్ది, ఆ నోరు విన్నాక." గర్వంగా నవ్వాడు. "ఫోన్లో అంతా చెప్తుంది సార్, కానీ రైలు పోయినట్టు చెప్తుంది, ఒక్క స్టేషన్లోనూ ఆగదు. ఒక్క ముక్కలో మీరు చెప్పండి, ఏం చేసింది మా అమ్మడు? షాపుకొచ్చేవాళ్ళు అడుగుతారు. నల్ల బిలం అంటే అందరూ ఎలక్కన్నం అనుకుంటున్నారు."

చెప్పకుండా ఉండటానికి ఏ సాకూ దొరకలేదు. "ఒక ఇరుసు ఒక వాలులో తిరుగుతోంది అనుకోండి. దాని చుట్టూ చక్రం ఇంకో వాలులో తిరుగుతోంది."

"బెండన్నమాట."

"బెండే. ఆ ఇరుసు తిరిగీ తిరిగీ చక్రం బెండు తీస్తుందా లేదా అన్నది మీ అమ్మాయి చూసింది."

"తీసిందా?"

"లోపలివైపు తీసింది అని... రాసింది."

"అబ్బో." ఆయన విప్పిన బూటుని చేతిలో చక్రంలా తిప్పాడు. "అంత దూరంలో ఉన్నదాని బెండు ఎట్లా చూస్తారు సార్? మేమైతే ఫోర్కుకి సుద్దముక్క ఆనించి చక్రం తిప్పుతాం, ఎక్కడ గీత పడితే అక్కడ బెండు. కొత్తలో నేనో తెలివితక్కువ పని చేశా. సుద్దముక్కని స్పోకుకే కట్టి తిప్పా! సుద్ద కూడా చక్రంతోపాటే పోతోంది, గీతెక్కడ పడుద్ది? బెండేం లేదు గురువుగారూ అని పైగా కేకేశా." వరండా దద్దరిల్లేట్టు నవ్వాడు, అటు పోతున్న ఇద్దరు తిరిగి చూశారు. "నెత్తిమీద ఒక్కటిచ్చాడు చూడండి."

మేస్త్రీ చెవుల్లో హోరు. మొహం ఎలా ఉందో తనకి తెలియదు గానీ ఆయన నవ్వు ఆపాడు. "ఆ సైకిలు ఏమైందండీ?" అని అడిగాడు మేస్త్రీ, అడగాలని లేకపోయినా.

"అప్పటికే నేనలా చూసిన సైకిలొకటి తోలుకెళ్ళాడుగా ఒకాయన. మలుపులో పడ్డాడు. మోకాలిచిప్ప." ఆయన గొంతు తగ్గింది. "మంచాయన. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది."

గడబిడ వచ్చింది. చేతిలో కాగితాలు, జుట్టు తడి, ఒకేసారి మూడు వైపులకి నడుస్తున్నట్టు నడక. నాన్నా బూటు వేసుకో, నీళ్ళు తాగావా, లోపల ముందు వరసలో కూర్చోకు, నిన్ను చూస్తే నవ్వొస్తుంది, నవ్వు కాదు ఏడుపొస్తుంది, అంటూనే మేస్త్రీ చేతిలో కంప్యూటర్ చూసి, అన్నా నా ఫైలు ఎక్కించావా, పదిన్నరయింది, అంది. మేస్త్రీ ఆమెని నీళ్ళ కుళాయి పక్కకి తీసుకెళ్ళాడు, తండ్రికి వినపడనంత దూరం.

"గడబిడా, ఒక్క మాట."

"ఇప్పుడేం చెప్పకన్నా, చదివిందంతా కలిసిపోతుంది, పొద్దుటినుంచి ఏం చదివినా..."

"వాలు బొమ్మ," అన్నాడు. "అది కొలిచే ఫైలు."

గడబిడ ఆగిపోయింది. ఈ ఐదేళ్ళలో ఆమె మాట సగంలో ఆగడం అతను చూడలేదు. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆమె చెయ్యి చాచి దాన్ని బిగించింది, అది ఆగలేదు.

"లోపలి వలయం ఇరుసు," అంది నెమ్మదిగా. "అదే కదా."

అతను ఆమె మొహం చూశాడు.

"మూడు నెలలైంది చూసి. పక్కన రాసుంది కదా, తాత్కాలికం అని, నీ అక్షరాలతో. నువ్వు రాసింది నీకు తెలియకుండా ఎట్లా ఉంటుందనుకున్నా. తెలిసే ఊరుకున్నావంటే దాని వెనక ఏదో ఉంటుంది, ఇక్కడ ఇలాంటివాటికి ఊరుకోవాలేమో అనుకున్నా. నువ్వే చెప్తావేమోనని కూడా చూశా. రోజూ నీ పక్క కుర్చీలోనే కదా."

"ఊరుకోమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు ఎప్పుడైనా మాట్లాడగా చూశానా అన్నా?"

అందులో దెప్పిపొడుపు లేదు. గది చల్లగా ఉంది అన్నట్టు అంది. మేస్త్రీకి మాత్రం నిలబడ్డ చోటు గిర్రున తిరిగింది. ఇన్నేళ్ళూ తనని ఎవరు వంచారు, తన ఏ భాగం లొంగింది, ఏ భాగం మిగిలింది అనే లెక్కే వేసుకున్నాడు. నోట్లో నాలుక లేనివాడు ఎవరికేం హాని చేస్తాడు అనుకున్నాడు. ఈ పిల్ల వచ్చినప్పుడు ఎలా ఉండేది? వారం తిరక్కుండా మేడమ్‌తోనే వాదం పెట్టుకుని, అలా ఎందుకుండాలి అలా ఎందుకుండాలి అని ప్రాణం తీసేది. ఆ వాదాలు ఎప్పుడు ఆగాయి? గుర్తులేదు. మేడమ్ గది ఆ చివర ఉంది. ఈ పిల్ల కూర్చుంది తన పక్కన. ఐదేళ్ళు, రోజుకి పది గంటలు, తన మౌనం చుట్టూ తిరిగింది. మాట్లాడుతూనే తిరిగింది, ఎవరికీ అనుమానం రాకుండా, లోపలి వైపునుంచి తనలా అయిపోతూ.

"సరిగ్గా కొలిచింది కూడా ఉంది," అన్నాడు. గొంతు పాతది వచ్చింది, అమ్మ దగ్గర మాట్లాడేది. "రెండూ ఉన్నాయి నా దగ్గర."

"చిరిగిందా?"

"చిరిగింది."

ఆమె కళ్ళు మూసుకుంది. "నేను కొలవలేదు. భయమేసి." కళ్ళు తెరిచి అడిగింది, "చెప్తే ఏమవుతుంది?"

"మళ్ళీ అన్నీ కొలవాలి. ఏడాది పట్టొచ్చు."

"ఆ ఉద్యోగం?"

మేస్త్రీ చెప్పనక్కర్లేదు, వచ్చేనెల చేరకపోతే ఇంకొకరు చేరతారు.

"చెప్పకపోతే?"

"ఏమీ కాదు," అన్నాడు మేస్త్రీ. "ఏమీ కాదు గడబిడా. హాయిగా ఉంటావు. ఎవరూ అడగరు." అన్నాక ఆ మాట ఎంత నిజమో తనకే తెలిసింది.

ఆమె వరండా అవతలికి చూసింది. తండ్రి బూటులోకి కాలు దూర్చడానికి తంటాలు పడుతున్నాడు, మడమ దగ్గర వేలు పెట్టి, మొహం ఎర్రబడి. "షాపు మూసి వచ్చాడు. నాకు తెలిసి ఇది రెండోసారి. మొదటిసారి మా అమ్మ పోయినప్పుడు." కాగితాలు గుండెకి ఆనించుకుంది. "ఆయన కూర్చుని ఉండగా నేనైతే నోరు తెరవలేనన్నా. నన్నడక్కు." నాలుగు అడుగులు వేసి, తిరక్కుండానే అంది, "నువ్వు తెరిస్తే మాత్రం అడ్డం రాను."

హాలు తలుపులు తెరిచారు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు, తడి గొడుగుల వాసన. మేస్త్రీ అందరికంటే ముందు వెళ్ళి తీగ కలిపాడు, అది అతని పనే, ఎవరూ తల ఎత్తి చూడలేదు. ముగ్గురు పరీక్షకులు నీళ్ళ సీసాల మూతలు తిప్పుకుంటున్నారు. మేడమ్ మొదటి వరసలో చివర కూర్చుని పెన్ను మూత తీసింది. గడబిడ ఆమె పక్కన, కళ్ళు నేల మీద. తండ్రి వెనక వరసలో గోడవారగా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫోటో దిగుతున్నవాడిలా నిటారుగా. ఇప్పుడు కూర్చోవచ్చు. ఫైలు తెరిచి, ఆ పాత బొమ్మే ఉండనిచ్చి, వెనక తన కుర్చీలోకి వెళ్ళిపోవచ్చు, పందొమ్మిదేళ్ళుగా వెళ్ళినట్టు. తన గాజుల సంగతి, పాత పరిశోధన సంగతి, అది మాత్రం నోట రానివ్వకూడదు అనుకున్నాడు. అది వస్తే ఇది నిజం కాదు, పగే అవుతుంది. అది ఇక్కడే పాతేయాలి, ఎవరికీ తెలియకుండా, ఈ రోజుతో. అలా అనుకున్నప్పుడు గుండెలో ఏదో తెగిన నొప్పి, సుఖం ఏమీ లేదు. వేలు మీట నొక్కింది. గోడంతా చిరిగిన వలయాలు పరుచుకున్నాయి.

మేడమ్ పెన్ను కదలిక ఆగింది.

"క్షమించండి, అమ్మాయి మొదలెట్టే ముందు నేనొకటి చెప్పాలి," అన్నాడు మేస్త్రీ. గొంతు ఆ గదికి సరిపోలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో వాలు బొమ్మలన్నీ తప్పు. ఆ తప్పు అమ్మాయిది కాదు. నాది."

 ఒక పరీక్షకుడు నీళ్ళ సీసా నోటిదాకా తెచ్చి అక్కడే ఆపాడు.

"కూర్చో మేస్త్రీ," అంది మేడమ్. మెల్లగా, అతనికొక్కడికే వినపడేట్టు, ఎంతో దయగా.

మోకాళ్ళు వంగబోయాయి. నిజంగానే వంగాయి, కొంచెం. రెండు చేతులూ బల్ల అంచుకి ఆనించి బరువు వాటి మీదికి తెచ్చుకున్నాడు. ఆమె వైపు చూడకూడదనుకుని చూశాడు. ఆ మొహంలో కోపం లేదు. ఆస్పత్రి బల్ల మీద కూర్చున్న ఆ సాయంత్రాల అలసటే ఉంది, అప్పటికంటే చాలా ముసలిదై.

"కూర్చుంటానండీ," అన్నాడు. "చెప్పేశాక."

పరీక్షకుల వైపు తిరిగి ఎనిమిదేళ్ళ కిందటి ఆదివారం దగ్గర మొదలుపెట్టాడు. వెనక వరసలో సైకిల్ షాపాయన ముందుకి వంగి, పక్కనున్నవాళ్ళ భుజం తట్టి, సంతోషం ఆపుకోలేని గుసగుసతో అడుగుతున్నాడు, "ఏమంటున్నారండీ ఆ సారు? మా అమ్మడు బాగా చేసిందనేనా?"

 మేస్త్రీ మాట్లాడుతూనే ఉన్నాడు.